ఎద్దును కడిగినట్టు

"ఒసే దాలమ్మా, నా పాత పంచెతో బిందెలు తుడుస్తన్నావేటి?"

"మెత్తగున్నాది, తుడుస్తన్నాను బావా. సినిగిన పంచెకి ఇంత రాద్ధాంతమేటి?"

భార్య మీద కేకలేశాడు గానీ జగన్నాధం అసలు కోపం పంచె మీద కాదు. ఎద్దుల్ని అమ్మి లారీ కొన్నాడని మామగారు నవ్వాడు. రేపు లారీని చీపురుపల్లి తీసుకెళ్లి ఆయన ముందు నిలబెట్టాలి. పొద్దుటి నుంచి మూడుసార్లు కడిగాడు. కడిగిన ప్రతిసారీ నీలం రంగు మీద తెల్లటి మచ్చలు తేలుతున్నాయి.

తల్లి లక్ష్మణమ్మ అప్పటికే బంపరుకి వేపమండలు కట్టేసింది.

"అమ్మవారు పోసిందిరా. ముట్టుకోకు."

దాలమ్మ నవ్వు ఆపుకుంది. "కడిగినాక ఏటి సేసినావు బావా?"

"ఎండలో వొగ్గేసినాను. ఎద్దుల్ని అలాగే కదా ఆరబెట్టీవోణ్ణి!"

"ఎద్దయితే ఒళ్లు దులుపుకుంటాది. లారీ దులుపుకుంటాదేటి? మన నూతినీళ్లు ఉప్పన. ఎండకి నీరెగిరిపోతాది, ఉప్పు ఉండిపోతాది. నీడలో కడిగి, ఆరకముందే తుడవాల."

జగన్నాధం ఆమె చేతిలోని బిందెను తిప్పి తిప్పి చూశాడు. అదే నూతినీటితో కడిగిన బిందె. ఒక్క మచ్చ లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను ప్రకటించాడు.

"అమ్మా, ఆ వేపమండలు తీసీ. రేపు ఎండెక్కకముందే కడుగుతాను. దాలమ్మా, పాత పంచె నీ బిందెలకే ఉంచుకో. లారీని నా కొత్త పంచెతో తుడుస్తాను."

"మరి మా నాన్న ముందుకి ఏటి కట్టుకొస్తావు?"

"ఆ తడి పంచే కట్టుకొస్తాను. ఎండలో ఆరితే నాకు మచ్చలు రావు కదా!"