కడగని వేళ్ళు

"గ్లాసు సరిగ్గా పట్టుకో పెద్దాయనా! నువ్వు కార్డినల్‌వి, పోపు తర్వాత అంతటి మతగురువువి, తిని తాగి బలిసినవాడివి. ఈ బొమ్మ చూసి రోమంతా పగలబడి నవ్వాలి!" అన్నాడు చిత్రకారుడు రుజ్జేరో.

అద్దె ఎర్రపట్టు అంగీలో, పొట్టకు దిండు కట్టుకుని, మైనపు పండ్ల ముందు కూర్చున్న ముసలి మోడల్ ఎవరిస్తో పళ్ళికిలించాడు.

"మళ్ళీ అదే! బొటనవేలూ చూపుడువేలూ అతుక్కుపోయాయా ఏంటి?"

"అలవాటు బాబూ. చర్చి పూజలో క్రీస్తు దేహంగా మారే అప్పం ముట్టుకున్న వేళ్ళు. దాని పొడి రాలకూడదని, కడుక్కునేదాకా విడదీయం."

కుంచె ఆగింది. "నువ్వు పాదిరీవా?"

"ఇరవై రెండేళ్ళు చేశాను."

"వెళ్ళగొట్టారా?"

"లేదు. ఓ రోజు పూజలో అప్పం పైకెత్తాను. చేతిలో క్రీస్తు ఉండాలి. ఉత్త అప్పమే ఉంది. కింద పెట్టేసి వచ్చేశాను."

"చేతులు కడుక్కోకుండానే?"

"ఉత్త అప్పానికి కడుక్కోవడం దేనికి?"

"మరింకేం! ఇప్పుడు కడిగేసుకో, బొమ్మ పూర్తవుతుంది." రుజ్జేరో నీళ్ళగిన్నె తెచ్చి అతని ముందు పెట్టాడు.

ఎవరిస్తో నీళ్ళకేసి చూశాడు.

తర్వాత ఆ రెండు వేళ్ళూ విడదీయకుండానే, మిగిలిన మూడు వేళ్ళతో గిన్నెను పక్కకు జరిపాడు.