రెక్కలొచ్చిన పేనుబంక

"మామయ్యా, పేనుబంకకి రెక్కలొచ్చేశాయి! ఇక తోటంతా ఎగురుతుంది. మందు కొట్టేద్దాం," అని కోడలు ఏడుపుగొంతుతో పరుగెత్తుకొచ్చింది. ఈ చిక్కుడు పోతే మాకు ఈ ఏడు వేరే పంట లేదు.

నేను ఆకు తిప్పి, రసం పీలుస్తున్న ఆ సన్నపురుగుల్ని చూశాను. "వీటిని తినేవి చుట్టూ తిరుగుతుంటే తల్లులు రెక్కలున్న పిల్లల్ని కంటాయమ్మా. పారిపోవాలిగా."

"తినేవా? ఎలా ఉంటాయి?"

"నల్లగా, ఒంటినిండా ముళ్ళతో. పెరిగితే ఎర్రగా, నల్లచుక్కలతో ఉండే అక్షింతల పురుగులవుతాయి."

ఆమె ముఖం పాలిపోయింది. చేతిలోని డబ్బా చూపించింది. "పొద్దుట్నించీ వాటినే ఏరేశాను. చూస్తేనే భయమేసింది, మామయ్యా."

"మొహం చూసి చంపేటట్లయితే నేనెప్పుడో పోయేవాణ్ణి," అంటూ మూత తీశాను. చాలావరకు ఇంకా కదులుతున్నాయి.

"కరవవు కదా?" అని అడుగుతూనే ఆమె మొదటిదాన్ని వేలిమీదికి ఎక్కించుకుని, పేనుబంక పట్టిన ఆకుమీద వదిలింది.