చందువకు ఒక మాట

చేపలమ్మే పెళ్లాం గురవమ్మ రోజూ గంపలోని మంచి చందువ చేపను, పెళ్లికాని ముత్తుకూరు మాస్టారికి ఇచ్చేస్తోందని తెలిసి గంగులయ్యకు ఒళ్లు మండింది. మొగుడికి ఎండుచేప, వాడికి చందువా!

తెడ్డు పట్టుకొని ఆమె వెనకే వెళ్లి, మాస్టారి ఇంటి దడి చాటున నిలబడ్డాడు.

"ఈ పొద్దు చేపకి ఇంకో మాట చెప్పండయ్యా. మా ఆయన జెండా పట్టుకొని విప్లవం, విప్లవం అని అరస్తా ఉంటాడు. అదేంది?" గురవమ్మ అడుగుతోంది.

"ఇంగ్లీషులో రివల్యూషన్ అంటారమ్మా. మొదట్లో చుక్కలు తిరిగి తమ చోటికి రావడాన్ని అలా అనేవాళ్లు. తర్వాత, అణగదొక్కినవాళ్ల మీద తిరగబడటాన్ని అంటున్నారు."

"ఇంట్లో గూడా జరగొచ్చా అయ్యా?"

తెడ్డు దడికి తగిలి చప్పుడైంది. గురవమ్మ తిరిగి చూసింది. ఎప్పట్లా తల దించుకోలేదు.

తెడ్డును వీపు వెనక దాచుకున్నది గంగులయ్యే.