ఆపేసిన మందు

"మాత్రలు ఇక రావమ్మా. ప్రయోగం ఆపేశారు," అంది కౌంటర్లో నర్సు.

అక్క మందుల చీటీ మళ్లీ ముందుకు తోసింది.

ఆమె తమ్ముడు అంబులెన్స్ డ్రైవరు. ఏళ్ల తరబడి చావుబతుకుల మధ్య బండి తోలి తోలి మనిషి బిగుసుకుపోయాడు. వీధిలో హారన్ మోగినా ఉలిక్కిపడేవాడు. ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడి, ఆనక తలుపేసుకుని ఏడ్చేవాడు.

ఈ ఆస్పత్రిలో ప్రయోగంగా ఇస్తున్న కొత్త మందు మొదలుపెట్టాక, మామూలు మనిషిలా కూరలో ఉప్పు తక్కువైందని వంకలు పెట్టసాగాడు. ఆ వంకలకే మురిసిపోయింది అక్క.

"ఎవరు ఆపింది?"

"పెద్ద డాక్టరు గారు. ఆ మందు కనిపెట్టినాయనే."

అక్క తలుపు తోసుకుని ఆయన గదిలోకి వెళ్లింది. మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్లు.

"కూర్చోండమ్మా. ఇద్దరికి కాలేయం దెబ్బతింది. ఇక ఇవ్వలేను."

"మావాడు బానే ఉన్నాడు కదండీ!"

"ఇవాళ బానే ఉన్నాడు."

"ఒక్క నెలకివ్వండి. ఏమైనా అయితే మేమే పడతాం."

"అర మాత్ర కూడా ఇవ్వనమ్మా. రక్తపరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి."

"రాయిలా కూర్చుని ఎలా చెప్తున్నారండీ! మా ఉసురు ఊరికే పోదు."

ఆయన రక్తపరీక్ష చీటీ రాసి ఆమె చేతికిచ్చాడు. అక్క తలుపు ధడాలున వేసి వచ్చేసింది.

వారం తిరక్కుండానే తమ్ముడు కంచం గోడకేసి కొట్టాడు. మళ్లీ గదిలో పడ్డాడు. గోడ తుడుస్తూ అక్క ఆ డాక్టర్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంది.

రక్తపరీక్ష ఫలితం వచ్చింది. కుర్ర డాక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు.

"కాలేయం వాచింది. మందు ఆగింది కాబట్టి మెల్లగా కోలుకుంటాడు. ఇంకో నెల మింగి ఉంటే దక్కేవాడు కాదు."

అక్క ఆ కాగితం పట్టుకుని లేచింది. పెద్ద డాక్టరు గదికి పరుగెత్తింది. తాళం వేసి ఉంది.

"ఉద్యోగం మానేశారమ్మా," అంది నర్సు.

"నేనన్న మాటలకా?"

"కాదు. వాళ్లావిణ్ణి ఒంటరిగా వదిలే పరిస్థితి లేదు."

"ఏమైంది ఆవిడకి?"

నర్సు గొంతు తగ్గించింది.

"మీ తమ్ముడి జబ్బే. ఏళ్ల తర్వాత ఈ మందుతోనే ఆవిడ ఆయనతో నోరు విప్పి మాట్లాడింది. అయినా ఆయన అందరికంటే ముందు ఆపింది ఆవిడ మాత్రలే."