దేవమాలి మీద విజిల్

ఆ మనిషి మొదటి జీపుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

డ్రైవర్ బ్రేకు తొక్కి, "సచ్చీవోడివిరా!" అని అరిచాడు.

దేవమాలి కొండ అడుగున మట్టిరోడ్డు ఆగిపోయే చోటు అది. ఉదయం ఏడు గంటలు.

ముందు సీట్లోంచి మన్మథరావు దిగాడు. రాయగడలో ఆయనది హార్డ్‌వేర్ హోల్‌సేల్ వ్యాపారం. కకిరిగుమ్మలో ఉన్న చెవిటి పిల్లల బడికి విరాళాలు పోగుచెయ్యడానికి ఏటా కొంతమందిని వెంటేసుకుని ఈ కొండ ఎక్కుతాడు. ఇది నాలుగో ఏడు. ఇన్నేళ్లలో ఆ బడి గడప మాత్రం తొక్కలేదు. విరాళం అందించే సభ ఎప్పుడూ రాయగడలోనే. ఈసారే, రేపు అందరూ బడికి వెళ్లాలనుకున్నారు.

"ఏటి కావాలి?" అన్నాడు మన్మథరావు.

ఆ మనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. కాళ్లకి రబ్బరు చెప్పులు, భుజాన తువ్వాలు. కొండ నెత్తిన కూర్చున్న మబ్బుని చూపించి, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"ఎక్కొద్దంటన్నాడండీ," అంది జయంతి. ఆమె బ్యాంకు ఉద్యోగి. మొదటి ఏడాది నుంచీ బృందంలో ఉంది.

"కొండమీదోడమ్మా. మన మాట రాదు. గైడుగా ఎట్టుకోమని బెదిరిస్తన్నాడు," అన్నాడు మన్మథరావు.

జేబులోంచి నోటు తీసి చాపాడు.

ఆ మనిషి నోటు వంక చూడలేదు. తన గుండె మీద చెయ్యి వేసుకుని కొండ వైపు అడుగు వేశాడు.

డ్రైవర్ కొండవాళ్ల దేశియా భాషలో ఏదో అన్నాడు. ఆ మనిషి చూపు మబ్బు మీదే ఉంది.

"పొగరు! తప్పుకో బావూ, ఆలీసమైపోతంది," అన్నాడు మన్మథరావు.

అతని భుజం పట్టుకుని పక్కకి నెట్టాడు. ఆ మనిషి తూలి, నిలదొక్కుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. బృందంలోని పద్దెనిమిది మందీ ఎక్కడం మొదలుపెట్టగానే, నాలుగు బారల వెనకగా తనూ బయల్దేరాడు.

పైన జెండా పాతారు. ఫొటోలు తీసుకున్నారు. ఫోన్లు జేబుల్లో పెట్టుకునే లోపల మబ్బు దిగిపోయింది.

తెల్లటి చీకటి. పక్కనున్న మనిషి పక్కన లేడు.

"ఎవలూ కదలకండి!" అని మన్మథరావు కేకలు పెడుతుండగా, ఎవరో వచ్చి జయంతి చెయ్యి పట్టుకున్నారు. ఆ మనిషే. ఆమె చెయ్యి తీసి తన భుజం మీద పెట్టుకున్నాడు. ఆమె వెనక ఒకరు, ఆ వెనక ఒకరు. ఒక్కొక్క రాయి కాలితో తడిమి చూసుకుంటూ, అందర్నీ సగం కొండ దించి చదునైన బండ మీద నిలబెట్టాడు.

అక్కడ చూసుకుంటే పదిహేడు మందే ఉన్నారు.

"లిప్సా ఏది?"

కాలేజీ పిల్ల. వాళ్ల నాన్నకి మాటిచ్చి మన్మథరావే తీసుకొచ్చాడు. గొంతు చీలిపోయేలా పిలిచాడు. మబ్బు ఆ పిలుపుని మింగేసింది.

ఫోన్‌లో ఆ పిల్ల ఫొటో తీసి, ఆ మనిషి ముఖం ముందు పెట్టాడు. రెండు చేతులూ జోడించాడు.

ఆ మనిషి ఫొటో చూశాడు. జోడించిన చేతులు విడదీసి, మన్మథరావు భుజం తట్టాడు. మళ్లీ పైకి వెళ్లిపోయాడు. బృందంలోంచి మరో ముగ్గురు రెండో వైపుకి వెళ్లారు.

అరగంటకి ఫోను మోగింది.

"అంకుల్, నేను లిప్సాని! కాలు మడతపడింది. అటుపక్క రోడ్డు మీద ఎవరిదో జీపుంటే ఎక్కి దిగిపోయాను. సిగ్నల్ ఇప్పుడే దొరికింది."

మన్మథరావు బండ మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చేశాడు.

విజిల్ మూడుసార్లు ఊదారు. వెతకడం ఆపి దిగిపొమ్మని దాని అర్థం. ముగ్గురూ వచ్చేశారు.

"ఆయన రాలేదండీ," అంది జయంతి.

"మళ్లీ ఊదండి."

మళ్లీ ఊదారు. చాలాసేపు ఊదారు. వాన అందుకుంది.

"కొండమీదోడికి కొండ మనం సూపించాలేటి? విజిల్ ఇని అట్నుంచటే ఇంటికెల్లిపోయుంటాడు. పదండి, పదండి," అన్నాడు మన్మథరావు.

జయంతి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, దిగింది.

మర్నాడు పది గంటలకి వాళ్ల జీపులు కకిరిగుమ్మ బడి ముందు ఆగాయి.

ఎవరూ ఎదురు రాలేదు. పిల్లలంతా వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఒక్కరి చేతులూ కదలడం లేదు.

హెడ్‌మిస్ట్రెస్ బాలామణి బయటికొచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"ఇయ్యాల ఏటీ సెయ్యలేమండీ. మా వడ్రంగం మాస్టారు హరి పోయేడు. పొద్దున్న మేకలోలు సూసేరట. దేవమాలి మీద, రాళ్ల కింద పడున్నాడు."

జయంతి స్తంభం పట్టుకుంది.

"మీకోసమే ఎల్లేడు బాబూ. మన పిల్లల కోసం కొండెక్కుతన్నారు, దారి సూపిస్తానని మొన్నే బస్సెక్కేడు. ఆడిది ఆ కొండ కిందూరే. మీరంతా బాగా దిగేరని ఫోన్లో మీరెట్టిన ఫొటోల్లో సూసేం. ఆడొక్కడూ ఆ వానలో పైనెందుకుండిపోయేడో తెలీటం లేదు."

"మేం... విజిల్ ఊదేమమ్మా," అన్నాడు మన్మథరావు. "దిగిపొమ్మని శానాసేపు ఊదేం. ఎంత ఊదినా..."

బాలామణి ఆయన ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. ఏం విన్నదో అర్థం కానట్టుగా.

"విజిలేటి బాబూ," అంది మెల్లగా. "ఈ బడి తెరిసిన్నాడు సేరిన మొట్టమొదటి సెవిటి పిల్లడు ఆడే."