మనవాడున్నాడు

ఉదయ్‌కి ఒళ్ళు మండిపోతోంది.

ఎదురుగా మైకు ముందు ఒక తల్లి కూర్చుని తన బతుకు చెప్పుకుంటోంది. పేరు ఫురాహా. కాంగో నుంచి శరణార్థిగా వచ్చింది. వింటున్నది రాష్ట్ర బడ్జెట్ కమిటీ. వింటున్నది అనడం కూడా మర్యాదకే. ఒకాయన డబ్బా తెరిచి సలాడ్ తింటున్నాడు. పక్కనున్న పెద్దమనిషి ఫోన్‌లో గోల్ఫ్ కర్రలు బేరం చూసుకుంటున్నాడు. వాటి రంగులు కూడా ఉదయ్‌కి కనబడుతున్నాయి. ఇంకొకావిడ గోళ్ళ రంగు గీక్కుంటోంది.

వలస వచ్చినవాళ్ళకీ, శరణార్థులకీ సాయం చేసే సెంటర్లకు రాష్ట్రం ఏటా ఇచ్చే నిధుల్ని ఈసారి బడ్జెట్‌లోంచి ఎత్తేశారు. తిరిగి చేర్చాలా వద్దా అని కమిటీ ఈరోజే ఓటు వేస్తుంది. వద్దంటే ఆండాళ్ నడిపే సెంటర్ నెలాఖరుకి మూతపడుతుంది. ఇంగ్లీషు క్లాసులు ఉండవు. కాగితాలు చూసిపెట్టే లాయర్లు ఉండరు. వచ్చిన ఉత్తరం చదివి చెప్పే దిక్కు కూడా ఉండదు.

ఆండాళ్ ఫురాహా పక్కనే కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఎప్పుడో గుంటూరు నుంచి ఈ దేశానికి డాక్టరుగారి భార్యగా వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కాలక్షేపానికి ఆ సెంటర్‌లో అడుగు పెట్టి, మళ్ళీ బయటికి రాలేదు. ఉదయ్‌కి ఆమె చిన్నప్పటి నుంచీ తెలుసు. నాన్న ఉన్నట్టుండి పోయి, ఆయన వీసా మీద ఉన్న అమ్మకి దిక్కుతోచనప్పుడు లాయర్ని కుదిర్చింది ఆమే. అమ్మకి డ్రైవింగ్ నేర్పింది కూడా ఆమే. కారుకి ఎన్ని సొట్టలు పడ్డా పల్లెత్తు మాట అనలేదు.

పొద్దున వరండాలో ఉదయ్ కనబడగానే ఆండాళ్ దగ్గరికొచ్చి అతని టై సరిచేసింది.

“మావాళ్ళంతా భయంతో చస్తున్నారు బాబూ. నేనే చెప్పాను, మనవాడున్నాడు, మీకేం పర్లేదని.”

“ఐ విల్ ట్రై, ఆంటీ” అన్నాడు ఉదయ్.

“ట్రై ఏంట్రా? నీ నోట్లోంచి ఒక్క మాట వస్తే చాలు మాకు.”

అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు.

ఇప్పుడు ఫురాహా తన భాషలో చెబుతోంటే, ఇంటర్‌ప్రెటర్ ఫోన్‌లోంచి ఇంగ్లీషులో చెబుతున్నాడు. మాట్లాడడానికి అందరికీ ఇచ్చినట్టే మూడు నిమిషాలు. ఇంటర్‌ప్రెటర్ మాటలూ అందులోకే వస్తాయి. అంటే ఆమెకి దక్కింది సగమే. ఎవరి బుర్రలో పుట్టిన న్యాయమో గాని, ఉదయ్‌కి అసహ్యం వేసింది.

హోటల్ లాండ్రీలో పని చేస్తున్నానంది. ఒకరోజు పిల్లకి ఆయాసం ఎక్కువై పెదాలు నీలంగా మారాయంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు అడిగింది అర్థం కాలేదంది. అప్పుడు సెంటర్‌కి ఫోన్ చేస్తే ఆండాళ్ అమ్మ...

ఛైర్మన్ గంట కొట్టాడు. “థాంక్యూ” అన్నాడు నవ్వుతూ. పిల్ల బతికిందా లేదా అని కూడా ఎవరూ అడగలేదు.

గోల్ఫ్ కర్రల పెద్దమనిషి మాత్రం తలెత్తి ఒక ప్రశ్న వేశాడు. వచ్చి ఇన్నాళ్ళయింది కదా, ఇంకా ఇంగ్లీషు ఎందుకు రాలేదట.

ఫురాహా ఇంటర్‌ప్రెటర్ కోసం ఆగలేదు. తనకి వచ్చిన ఇంగ్లీషులోనే నెమ్మదిగా కూడబలుక్కుని అడిగింది. “నేర్చుకుంటున్నాను సర్. మీరు క్లాసు మూసేస్తే, ఇంక ఎక్కడ నేర్చుకోను?”

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమనిషి మళ్ళీ ఫోన్‌లోకి దిగిపోయాడు. చీమ కుట్టినట్టయినా లేదు.

ఛీ, వీళ్ళూ మనుషులేనా అనుకున్నాడు ఉదయ్. వీళ్ళతో కలిసి ఒకే గదిలో గాలి పీల్చాల్సి వస్తున్నందుకే అతనికి రోత పుట్టింది. ఎన్నికల ఖర్చు ఎవరికి ఎవరు పెడతారో, బదులుగా ఎవరు ఎటు ఓటెయ్యాలో పొద్దున టిఫిన్ల దగ్గరే తేలిపోయిందని అతనికి తెలుసు. ఈ పిలవడం, వినడం, గంట కొట్టడం అంతా ఉత్త తంతు. లేచి నిలబడి అందరినీ కడిగేద్దామనిపించింది. లేవలేదు. మంచినీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

అప్పుడే ఆండాళ్ ఫురాహా చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ అతనివైపే చూశారు. ఉదయ్ కళ్ళు చెమ్మగిల్లాయి. ధైర్యంగా ఉండమన్నట్టు తలూపాడు.

నిధులు తిరిగి చేర్చాలన్న ప్రతిపాదన మీద క్లర్క్ ఒక్కో సభ్యుడి పేరూ పిలవడం మొదలుపెట్టింది. సలాడ్ తినే ఆయన నోట్లో ముద్దతోనే “నో” అన్నాడు. గోల్ఫ్ పెద్దమనిషి తలెత్తకుండానే “నో” అన్నాడు. ఎవరూ అనుకోలేదు గాని, గోళ్ళావిడ “ఎస్” అంది. ఆ తర్వాత ఒక ఎస్, ఒక నో, మళ్ళీ ఒక ఎస్. చివరికొచ్చేసరికి రెండు వైపులా ఓట్లు సమానమయ్యాయి. తిండి ఆగింది, ఫోన్ ఆగింది. ఇంకొక్క ఓటు మిగిలింది. ఆండాళ్ ఫురాహా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె మొహంలో భయం లేదు.

“రిప్రజెంటేటివ్ ఉదయ్” అని క్లర్క్ ఆఖరి పేరు పిలవగానే, ఉదయ్ తన ముందున్న మైకు బటన్ నొక్కి, ఆండాళ్ వైపు చూడకుండా “నో” అన్నాడు.