తొమ్మిదో గుమ్మం

"లేస్తావా, లేవవా?"

"లేవను."

హజరత్ వలి పలకల ఫ్యాక్టరీ ముందు లారీ హారన్ మీద హారన్ కొడుతోంది. చెన్నై రేవుకు పోవాల్సిన సరుకు. అరవై నాలుగు పలకలు గడ్డిలో పొదిగి చెక్కపెట్టెలో సర్దేశారు. ఇక మూతకు మేకులు కొట్టడమే. ఆ మూత మీదే లీదియా కాళ్ళు ముడుచుకుని కూచుంది. ఆమె ఒళ్ళో ఉంది అరవై ఐదో పలక.

"లిస్టులో అరవై నాలుగే ఉండాయి గదమ్మా! అడగని పలక చెక్కింది కాక, దాన్ని పెట్టెలో పెట్టమంటావేంది?" అన్నాడు హజరత్ వలి.

"ఒక ఇల్లు వదిలేసినారు భాయ్. ఏటి వీధిలో ఒక పక్కంతా ఒకటి, మూడు, ఐదు, ఏడు అని పోయి పదకొండుకు దూకినారు. తొమ్మిది యాడికి పోయింది?"

"పడిపోయిందేమో! పాడుబడిందేమో!"

"పటంలో ఇల్లుంది. తలుపు కూడా గీసినారు."

హజరత్ వలి నెత్తి పట్టుకున్నాడు. "యా అల్లా! దొనకొండ దాటి రైల్లో పోయిన మనిషివి కాదు. స్లొవేనియాలో ఇల్లుందో లేదో నువ్వు చెప్తావా?"

రైలు సంగతి నిజమే. కానీ లీదియా నెల రోజులుగా ఆ ఊళ్ళో తిరుగుతూనే ఉంది. ఒక్కతే కాదు, మొగుడు విశ్వాసం కూడా తోడు.

ఊరి పేరు ప్తూయ్. మొదటిసారి విన్నప్పుడు ఎవరో ఊసినట్టుందని ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. ఏటి ఒడ్డున, కోట కింద, వందల ఏళ్ళుగా వైన్ చేసి బతుకుతున్న ఊరు. అక్కడి వైన్ చేసేవాళ్ళ సంఘం, మూడు పాత వీధుల్లో ప్రతి గుమ్మానికీ ఇంటి నంబరు వేసిన ఒక నల్లరాతి పలక కావాలని, మిషన్‌తో కాదు చేత్తోనే చెక్కాలని ఆర్డరిచ్చింది. వెంట ఊరి పటం కూడా పంపింది. విశ్వాసం రాయి కోసి నునుపు చేసేవాడు, లీదియా చెక్కేది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఇద్దరూ షెడ్డులో నేల మీద సుద్దతో ఆ వీధులు గీసి, తయారైన పలకలను ఏ గుమ్మానివి ఆ గుమ్మం దగ్గర పరిచి, మధ్యలో నడిచేవాళ్ళు.

"ఈ పొద్దు కోట వీధికి పోదామా?" అనేవాడు విశ్వాసం.

"అంతా ఎగువ. మోకాళ్ళు నొప్పి. ఏటి వీధికే పోదాం."

"పాస్టరయ్య చూసినాడంటే, మొగుడూ పెండ్లాం వైన్ కొట్ల చుట్టూ తిరుగుతున్నారంటాడు."

"తిరిగితే పాపమేంది? తాగినామా?"

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి తీరిగ్గా చూసిన ఊరు అదొక్కటే. ఆ నడకల్లోనే లీదియాకు ఖాళీ కనబడింది. ఏడు దాటగానే రోజూ కాలు ఆగిపోయేది. చివరికి నిన్న మనసు ఊరుకోక, పక్కన పడేసిన రాయి ఒకటి తీసుకుని, అంకె, వీధి పేరు, కింద ఒక ద్రాక్ష గుత్తి చెక్కేసింది.

"ఇదే ఆఖరు మాట. లేవకపోతే రేపటి నుంచి పనిలోకి రావద్దు. ఇద్దరూ!" అన్నాడు హజరత్ వలి.

విశ్వాసం పెట్టె దగ్గరికి వచ్చి, "లేయే. ఎవరి ఇల్లో ఏమో. మనకెందుకు?" అన్నాడు మెల్లగా.

"మన పేటలో నంబరు లేని ఇంట్లో పదేండ్లు ఉన్నాం. పోస్టుమాన్ మన గుమ్మం ముందు నుంచే పోయినాడు గానీ ఒక్కనాడన్నా ఆగినాడా? ఇండ్లు రాసుకునేదానికి వచ్చినోళ్ళు ఆగినారా? అందరికీ పలక పెట్టి ఒక్క ఇంటికి పెట్టకుంటే, ఆ ఇంట్లో వాళ్ళకు ఎట్లుంటాదో నీకు తెల్దా?" అంది లీదియా పలకను ఇంకా గట్టిగా పట్టుకుని. "పని పోతే పోనీ. నేను లేవను."

విశ్వాసం తలగుడ్డ దులుపుకుని ఆమె పక్కనే పెట్టె మీద కూచున్నాడు.

"నీకేమైందిరా?" అని అరిచాడు హజరత్ వలి.

"నేను గూడా చూసినా భాయ్. ఆడ ఇల్లుంది."

ఆ ఊరివాళ్ళ నోటితో చెప్పిస్తే గాని వీళ్ళ తిక్క కుదరదనుకుని, హజరత్ వలి కూతురు హుమేరాను పిలిచాడు. ఫ్యాక్టరీ ఇంగ్లీషు వ్యవహారమంతా ఆమెదే. ఆర్డర్ పంపిన సంఘం ఆవిడకు వీడియో కాల్ కలిపింది. కళ్ళద్దాల ఆవిడ ఒకరు సంఘం ఆఫీసులో బల్ల ముందు కూచుని కనబడింది. హుమేరా మాటలు విని, కాగితాలు తిరగేసింది.

"లిస్టు సరిగ్గానే ఉందంట. రెండుసార్లు లెక్కబెట్టినారంట," అంది హుమేరా.

"విన్నావా?" అన్నాడు హజరత్ వలి మీసం సవరించుకుంటూ.

"కాయితం చూసి కాదు, వీధి చూసి చెప్పమనమ్మా," అంది లీదియా.

ఆవిడ నవ్వుతూనే లేచి, ఫోన్ పట్టుకుని బయటికి నడిచింది. ఎర్ర పెంకులు, రాళ్ళు పరిచిన బాట. లీదియా ఫోన్ వైపు వంగింది. అదే వీధి.

"కిందికి, ఏటి దాకా పోయి వెనక్కి రమ్మను. ఎడమ చేతి పక్క మొదటి గుమ్మం ఒకటి. దాని పక్కన మూడు."

హుమేరా చెబుతుంటే ఆవిడ అట్లాగే నడిచింది. నడుస్తూ ఏదో అడిగింది.

"లీదియత్త వాళ్ళ ఊరికి ఎప్పుడు వచ్చిందని అడుగుతాంది."

"రోజూ అన్నం తిన్నాక పోతాం అని చెప్పు," అన్నాడు విశ్వాసం.

ఒకటి, మూడు, ఐదు, ఏడు. ఆవిడ ఒక తెరిచిన తలుపు ముందు ఆగింది. తలుపు పైకి చూసింది, పక్క గుమ్మం చూసింది, మళ్ళీ పైకి చూసింది. సన్నగా ఏదో అంది.

"ఏమంటాంది? ఇల్లు లేదనే గదా?" అన్నాడు హజరత్ వలి.

హుమేరా తండ్రి వైపు చూడలేదు.

"లీదియత్తా, ఇందాక ఆమె మనతో మాట్లాడింది తొమ్మిదో నంబరు ఇంట్లో కూచునే అంట!"